పెరటి తోటలో స్థానిక మొక్కలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

మనుషులు తెచ్చి నాటకుండానే ఒక ప్రాంతంలో పుట్టి, అక్కడి నేలకూ వానకూ ఎండకూ తరతరాలుగా అలవాటుపడిన మొక్కలను ఆ ప్రాంతపు స్థానిక మొక్కలు అంటారు. వీటిని పెరట్లోనో, ప్రహరీ వెంటనో, మేడ మీది కుండీల్లోనో పెంచితే సీతాకోకచిలుకలు, తేనెటీగలు, పక్షులు, గబ్బిలాలు, తొండలు వంటి జీవులకు తిండీ నీడా దొరుకుతాయి. ఇంటి చుట్టూ వేడి తగ్గుతుంది, వాననీరు నేలలోకి ఇంకుతుంది. పచ్చదనం ఏ మొక్కతోనైనా వస్తుంది. అయితే ఆ పచ్చదనాన్ని తిని బతికే ప్రాణులు ఉన్నప్పుడే తోట జీవావరణంలో భాగమవుతుంది. స్థానిక మొక్కల ప్రత్యేకత అదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నేలలను, మొక్కలను, ఇళ్లను ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ సంబంధాలను వివరిస్తుంది.

నిర్వచనం, వర్గీకరణ

స్థానికతను దేశపు సరిహద్దులతో కొలవలేం. సంపెంగ భారతదేశపు చెట్టే అయినా దాని సహజ నివాసం హిమాలయ ప్రాంతం, పడమటి కనుమల తేమ అడవులు. అనంతపురం పెరట్లో అది అతిథి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, శేషాచలం, కడప, నెల్లూరు కొండల్లో పుట్టిన ఎర్రచందనం శ్రీకాకుళానికి స్థానికం కాదు. కాబట్టి ఏ మొక్క గురించైనా అడగవలసిన మొదటి ప్రశ్న అది ఏ నేలది, ఎంత వానకు అలవాటుపడింది అన్నదే.

బయటి నుంచి వచ్చిన మొక్కలు రెండు రకాలు. వచ్చి ఒదిగిపోయినవి మొదటి రకం. ఆఫ్రికా నుంచి ప్రాచీన కాలంలో వచ్చిన చింత, గత 500 ఏళ్లలో అమెరికా ఖండాల నుంచి వచ్చిన మిరప, టమాటా, బొప్పాయి, జామ, సీతాఫలం, జీడిమామిడి ఈ కోవలోవి. బతుకమ్మలో పేర్చే బంతిపూలకు కూడా పుట్టిల్లు మెక్సికోయే. వీటితో పెద్దగా చిక్కు లేదు. అదుపు తప్పి వ్యాపించి స్థానిక జాతులను తొక్కేసే దురాక్రమణ మొక్కలు రెండో రకం. సర్కారు తుమ్మ, వయ్యారిభామ, లంటానా, చెరువులను కప్పేసే గుర్రపుడెక్క ఇందుకు ఉదాహరణలు.

చారిత్రక నేపథ్యం

తెలుగు ఇళ్లలో స్థానిక మొక్కల పరిచయం పండుగల ద్వారా తరతరాలుగా సాగింది. ఉగాదికి వేపపూత, ఆషాఢంలో గోరింట, దసరాకు జమ్మి, కార్తికంలో ఉసిరి కింద వనభోజనం, సంక్రాంతికి భోగిపళ్లుగా రేగుపళ్లు కావాలి. వినాయకచవితి నాటి 21 రకాల పత్రిలో మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు, ఉమ్మెత్త, ములక వంటివి ఉన్నాయి. చెట్టు, పొద, కలుపు, గడ్డి అన్నీ కలిసిన జాబితా ఇది. ఊరి చుట్టూ ఇవన్నీ పెరిగితేనే ఆ పూజ జరుగుతుంది. తెలంగాణలో బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు తప్పనిసరి.

ఈ ప్రాంతపు మొక్కలను ఆధునిక శాస్త్రపద్ధతిలో నమోదు చేసినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఆయన 1780ల నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి తోట పెంచాడు, చుట్టుపక్కల మొక్కలను సేకరించి స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి సంపుటాలుగా వెలువడింది. అందులోనూ ఆయన ఇతర రచనల్లోనూ చాలా మొక్కలకు తెలుగు పేర్లు నమోదయ్యాయి.

20వ శతాబ్దం రెండో సగంలో పట్టణాలు పెరిగి పెరళ్లు తగ్గాయి. ఉన్న కాస్త చోటులో కాగితాల పూలు, క్రోటన్లు, విదేశీ పామ్ మొక్కలు, కార్పెట్ గడ్డి వచ్చి చేరాయి. గోదావరి తీరాన కడియం, కడియపులంక గ్రామాల నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపే స్థాయికి ఎదిగాయి. వాటి వ్యాపారంలో అలంకరణ మొక్కలదే పెద్ద వాటా.

అలంకరణ తోటను వన్యప్రాణుల దృష్టితో చూడాలన్న ఆలోచనకు అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయపు కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ 2007లో వెలువరించిన పుస్తకం ఊపునిచ్చింది. ఆకు తినే కీటకాలు లేకపోతే పక్షిపిల్లలకు తిండి ఉండదన్నది ఆయన వాదన. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ స్థానిక జాతులను దగ్గరదగ్గరగా నాటి కొద్ది ఏళ్లలో చిట్టడవిని పెంచే పద్ధతిని రూపొందించాడు. తెలంగాణ అటవీశాఖ ఆ పద్ధతిని స్థానిక అవసరాలకు మలచుకుని యాదాద్రి నమూనా పేరుతో అమలు చేసింది.

ప్రాంతాలవారీగా స్థానిక మొక్కలు

తెలుగు నేల ఒకే రకం కాదు. అనంతపురంలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో అది 800 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఉత్తర కోస్తాలో 1,000 దాటుతుంది. మొక్కల ఎంపిక దీన్నిబట్టే మారుతుంది.

తెలంగాణ పీఠభూమిలో ఆకురాల్చే పొడి అడవి సహజం. మోదుగ, రేల, ఇప్ప, తునికి, మద్ది, నేరేడు, ఉసిరి, జమ్మి చెట్లు, తంగేడు, వావిలి, పరికి, కలివి పొదలు ఇక్కడివి. వీటిలో తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం.

రాయలసీమలో చెట్టు ఎంత సహజమో గడ్డి, ముళ్లపొద కూడా అంతే సహజం. వెలగ, రేగు, నారేపి, బిల్లుడు, తంగేడు, నల్లేరు ఇక్కడి ఎండకు తట్టుకుంటాయి. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు గడ్డిభూములు ఒకప్పుడు బట్టమేక పిట్టకు నివాసం. అలాంటి నేలలో గడ్డిని తీసేసి చెట్లు నాటితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

కోస్తాలో ఉప్పుగాలికి, ఇసుకనేలకు నిలిచేవి కావాలి. పొన్న, గంగరావి, కానుగ, మొగలి, తాటి ఇందుకు తగినవి. ఈనెల మధ్య గూడు కట్టుకునే తాటి పక్షులు, వేలాడే గూళ్లల్లే గిజిగాళ్లు తాటిచెట్లను ఆశ్రయిస్తాయి. తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతంలో వాన ఎక్కువ, జాతుల వైవిధ్యమూ ఎక్కువే. అడవి నుంచి మొక్కలు పెకలించి తేవడం మాత్రం తగదు. విత్తనమో, నర్సరీ మొక్కో తెచ్చుకోవాలి.

కీటకాలతో సంబంధం

మొక్కలు తమను తినే కీటకాల నుంచి కాపాడుకోవడానికి ఆకుల్లో చేదు, విష పదార్థాలు నింపుకుంటాయి. తరతరాలుగా కలిసి బతికిన కొన్ని కీటకాలు మాత్రం ఆ విషాన్ని అరిగించుకోవడం నేర్చాయి. అందుకే చాలా సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఒకటి రెండు కుటుంబాల మొక్కల మీదే బతుకుతాయి. తెలియని మొక్క ఎంత పచ్చగా ఉన్నా వాటికి పనికిరాదు.

తెలుగు పెరళ్లలో ఈ జంటలను తేలిగ్గా గుర్తించవచ్చు. కరివేపాకు, నిమ్మ, మారేడు ఆకుల మీద లైమ్, కామన్ మార్మన్ జాతుల గొంగళిపురుగులు పెరుగుతాయి. పిల్లగా ఉన్నప్పుడు అవి పిట్టరెట్టలా కనబడి పక్షుల కన్నుగప్పుతాయి. జిల్లేడు మీద నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్, తంగేడు, రేల మీద పసుపు, లేతాకుపచ్చ రంగుల ఎమిగ్రంట్ జాతులు, రేగు మీద నల్లచుక్కల కామన్ పియరో, నరమామిడి మీద టెయిల్డ్ జే, కానుగ మీద సెరూలియన్ గుడ్లు పెడతాయి.

ఈశ్వరి తీగ మీద పెరిగే కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ జాతుల కథ మరింత ఆసక్తికరం. ఆ తీగలోని విషం గొంగళిపురుగు ద్వారా సీతాకోకచిలుక ఒంట్లోకి చేరుతుంది. దాన్ని తిన్న పక్షి మరోసారి జోలికి పోదు. కరివేపాకు మీద పెరిగే కామన్ మార్మన్‌లో అలాంటి విషం లేదు. అయినా దాని ఆడవాటిలో కొన్ని అచ్చం ఈ రోజ్ జాతుల రంగులే వేసుకుని పక్షులను ఏమారుస్తాయి. రెండు మొక్కలూ ఒకే పెరట్లో ఉంటే అసలునూ అనుకరణనూ పక్కపక్కనే చూడవచ్చు.

పరాగసంపర్కంలోనూ ఇలాంటి ముడి ఉంది. తంగేడు పూవులో పుప్పొడి సన్నని రంధ్రాల తిత్తుల్లో ఉంటుంది. తుమ్మెద పూవును పట్టుకుని రెక్కల కండరాలను అదిరిస్తేనే అది రాలుతుంది. మామూలు తేనెటీగలకు ఈ పని చేతకాదు. వంగ, టమాటా పూల అమరికా ఇదే రకం. తంగేడు పొద, గూడు తొలుచుకోవడానికి కాస్త ఎండుకొయ్య ఉంచిన ఇంట్లో తుమ్మెదలు నిలుస్తాయి, కూరగాయ మడికీ అవే పనివాళ్లవుతాయి. తులసి, తుమ్మి వంటి చిన్నపూలు తేనెటీగలకు, కుట్టని తేనెటీగలకు మకరందమిస్తాయి.

మర్రి, రావి, మేడి, జువ్వి వంటి చెట్లలో ఒక్కో జాతికీ సాధారణంగా ఒక ప్రత్యేకమైన చిన్న కందిరీగ ఉంటుంది. అది కాయలోపలికి దూరి పరాగసంపర్కం చేసి అక్కడే గుడ్లు పెడుతుంది. మేడిపండు పొట్ట విప్పితే కనిపించే పురుగులు ప్రధానంగా ఇవే. ఈ చెట్లు ఏడాదిలో వేర్వేరు సమయాల్లో కాయడంవల్ల వేరే పళ్లు లేని రోజుల్లోనూ పక్షులకు ఆకలి తీరుతుంది.

పక్షులు, ఇతర జీవులు

గింజలు తినే పిచ్చుక, గిజిగాడు సైతం పిల్లలకు మాత్రం పురుగులే పెడతాయి. అమెరికా రాజధాని వాషింగ్టన్ పరిసరాల పెరళ్లలో చికడీ అనే చిన్న పక్షి మీద జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. స్థానిక మొక్కల వాటా 70 శాతం కన్నా తక్కువ ఉన్న పెరళ్లలో ఆ పక్షి తన సంఖ్యను నిలుపుకోలేకపోయిందని అది తేల్చింది. అక్కడి పక్షికి, అక్కడి చెట్లకు వర్తించే ఈ అంకెను మన నేలకు యథాతథంగా తెచ్చుకోకూడదు. పురుగు, పక్షి, మొక్కల గొలుసు మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఏడాది పొడవునా తిండి దొరికేలా చూడడం పెరటి తోటలో అసలు నేర్పు. ఆకులు రాలిన మాఘ, ఫాల్గుణ మాసాల్లో మోదుగ, బూరుగ పూస్తాయి. తేనెపిట్టలు, గోరింకలు, కాకులు మకరందానికి వాలతాయి. చైత్రంలో వేప, ఆ వెనక కానుగ, ఎండలు ముదిరాక రేల పూస్తాయి. తొలకరికి నేరేడు, వేపపండ్లు సిద్ధమై కోకిలలకు, పిగిలిపిట్టలకు, చిలుకలకు, గబ్బిలాలకు తిండి అవుతాయి. శరదృతువులో తంగేడు, పారిజాతం, చలికాలంలో రేగు వంతు వస్తుంది. కంసాలిపిట్టకు మేడి, మర్రి పళ్లంటే ప్రాణం. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట తొర్ర ఉన్న పాతచెట్టును గూటికి ఎంచుకుంటుంది. కాబట్టి ప్రమాదం లేనిచోట ముసలి చెట్టును నిలపడం కొత్తమొక్క నాటడంతో సమానమైన పని.

వాతావరణ మార్పుకు ఎంతవరకు ఉపయోగం

ఒక పెరడు గాలిలోంచి తీసుకునే కర్బనం తక్కువే. వాతావరణ మార్పుకు పెరటి తోటే మందు అనడం అతిశయోక్తి అవుతుంది. స్థానిక స్థాయిలో మాత్రం ఫలితం స్పష్టం. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,000 మందికి పైగా చనిపోయారు. కాంక్రీటు, తారు పగటి వేడిని పీల్చి రాత్రంతా వదులుతుంటాయి కాబట్టి నగరాల్లో రాత్రులు కూడా చల్లబడవు. చెట్టు నీడ గోడకు ఎండ తగలకుండా ఆపుతుంది, ఆకులు వదిలే తేమ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది.

ఇక్కడ స్థానిక చెట్ల రుతుక్రమం కలిసొస్తుంది. వేప, కానుగ ఎండాకాలానికి ముందే ఆకు రాల్చి, ఎండలు మండేనాటికి చిగురించి నిండు నీడనిస్తాయి. పడమటి, నైరుతి దిక్కున ఇలాంటి చెట్టు ఉంటే మధ్యాహ్నపు ఎండ గోడను తాకదు, ఆ మేరకు కూలర్, ఏసీ వాడకం తగ్గుతుంది. వేరుపట్టాక వీటికి అదనపు నీరు పెద్దగా అక్కర్లేదు. కార్పెట్ గడ్డికైతే వేసవంతా నీళ్లు పెడుతూనే ఉండాలి. రాలిన ఆకును తగలబెట్టకుండా చెట్టు మొదట్లోనే కప్పితే నేలలో కర్బనం పెరుగుతుంది, తేమ నిలుస్తుంది. ఇంకుడు గుంత పక్కన గరిక, వావిలి వంటివి ఉంటే వాననీటితో మట్టి కొట్టుకుపోదు. కానుగ వేళ్లు నేలలో నత్రజనిని స్థిరపరుస్తాయి. దాని ఆకు రైతులకు పాతకాలపు పచ్చిరొట్ట ఎరువు.

వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ జీవులు అనువైన చోట్లకు జరగవలసి వస్తుంది. ఊరికీ అడవికీ మధ్య స్థానిక మొక్కలున్న పెరళ్లు, చెరువుగట్లు, గుడితోటలు వాటికి మజిలీలవుతాయి.

దురాక్రమణ మొక్కలు

జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ 2023 నివేదిక ప్రకారం మనుషుల వల్ల ప్రపంచంలో 37,000కు పైగా జీవజాతులు కొత్తచోట్ల స్థిరపడ్డాయి, వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయి. అలాంటి మొక్కల్లో చాలా వాటికి తోటలే ప్రవేశద్వారాలు. లంటానా రంగురంగుల పూల కోసం అలంకరణగా వచ్చి అడవుల అడుగుభాగాన్ని ఆక్రమించింది. వంటచెరకు కోసం, బీడును పచ్చబరచడం కోసం తెచ్చిన సర్కారు తుమ్మ చెరువు శిఖాలను, బీళ్లను నింపేసింది.

పెరట్లో లంటానా, గుర్రపుడెక్క ఉంటే తీసివేయాలి. వయ్యారిభామను పూతకు రాకముందే చేతితొడుగులతో పీకాలి, దాని పుప్పొడి అలర్జీ తెస్తుంది. ఇటీవలి ఉదాహరణ కోనోకార్పస్. త్వరగా ఎదుగుతుందని, పశువులు ముట్టవని రోడ్ల మధ్య, కాలనీల్లో విరివిగా నాటారు. వేళ్లు పైపుల్లోకి, కేబుళ్లలోకి చొరబడుతున్నాయని, పుప్పొడితో ఇబ్బందులున్నాయని ఫిర్యాదులు రావడంతో తెలంగాణ దాన్ని తన మొక్కల పెంపకం కార్యక్రమమైన హరితహారం జాబితా నుంచి తప్పించింది.

తోట అమరిక

అడవిలోలాగే తోటలోనూ అంతస్తులు ఉండాలి. పైన చెట్టు, దాని కింద పొద, పక్కన తీగ, నేల మీద గడ్డి, ఆకుకూరలు ఉంటే ఒక్కో అంతస్తులో ఒక్కో రకం జీవి నిలుస్తుంది.

100 గజాల లోపు స్థలంలో కరివేపాకు, నందివర్ధనం, నూరువరహాలు, తులసి, ప్రహరీ మీదికి దొండ లేదా తిప్పతీగ చాలు. 200 గజాలుంటే పారిజాతం, ఉసిరి, మారేడు వంటి మధ్యరకం చెట్టు ఒకటి, తంగేడు, వాక్కాయ పొదలు చేర్చవచ్చు. వాక్కాయ ముళ్లకంచెగానూ, పచ్చడికీ పనికొస్తుంది. అంతకు మించి చోటుంటే వేప, కానుగ, పొగడ, నేరేడు నాటవచ్చు. మర్రి, రావి, జువ్వి వేళ్లు గోడలను చీలుస్తాయి కాబట్టి వాటి చోటు ఇంటిపక్క కాదు. గుడి, బడి, చెరువుగట్టు, ఉమ్మడి స్థలం వాటికి తగినవి. మేడ మీద పెద్ద కుండీల్లో కరివేపాకు, నిమ్మ, నేలవేము, తులసి, నూరువరహాలు బాగా వస్తాయి.

తానుగా మొలిచే పొన్నగంటి, గంగవాయిలి, తుమ్మి, ఉత్తరేణిని కలుపని పీకేయకుండా ఒక మూల వదలాలి. లోతులేని పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే పక్షులూ తేనెటీగలూ తాగుతాయి. దోమలు పెరగకుండా ఆ నీటిని తరచూ మార్చాలి. రాత్రంతా వెలిగే దీపాలు రెక్కపురుగులను దారి తప్పిస్తాయి కాబట్టి తోటవైపు దీపం అవసరమైనప్పుడే వెలిగించాలి.

పెంపకం

నైరుతి రుతుపవనాలు నిలదొక్కుకున్నాక, జూన్ చివర నుంచి ఆగస్టు వరకు నాటడానికి అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువగా పడే నెల్లూరు వంటి దక్షిణ కోస్తా జిల్లాల్లో అక్టోబరులోనూ నాటవచ్చు.

వేప, నేరేడు గింజలకు మొలకెత్తే శక్తి కొద్ది వారాలకే తగ్గిపోతుంది. పండు దొరికిన వెంటనే గుజ్జు కడిగి విత్తాలి. తంగేడు, రేల గింజల పెంకు గట్టిది. గరుకురాయి మీద కాస్త రుద్దో, వేడినీళ్లలో వేసి చల్లారేదాకా నానబెట్టో విత్తితే బాగా మొలుస్తాయి. జమ్మి తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి చిన్నమొక్కగా ఉన్నప్పుడే శాశ్వత స్థలంలో నాటాలి. మొదటి రెండు వేసవులు నీరు పోసి, మొదట్లో ఎండుటాకు కప్పితే తరువాత చాకిరీ తక్కువ.

పురుగుమందు వాడితే ఈ ప్రయత్నమంతా వృథా. ఆకు చిల్లులు పడడం ఇక్కడ జబ్బు కిందికి రాదు, తోట పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఎదిగిన మొక్క ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. లేతమొక్కను మాత్రం పలుచని వలతో కాపాడుకోవచ్చు.

స్థానికమైనంత మాత్రాన నిరపాయం అనుకోకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజ విషాలు. ఈశ్వరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, దాన్ని సీతాకోకచిలుకల కోసమే పెంచాలి, మందుగా మింగకూడదు. పిల్లలున్న ఇంట్లో వీటిని అందని చోట నాటాలి, లేదా మానుకోవాలి.

పరిమితులు, భిన్నాభిప్రాయాలు

పరాయి మొక్కలన్నీ వ్యర్థమని చెప్పడానికి లేదు. ఇంగ్లండులోని విస్లీ తోటలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నాలుగేళ్లు జరిపిన ప్రయోగంలో స్థానిక మొక్కల మళ్లలో పరాగసంపర్క కీటకాలు ఎక్కువగా కనిపించాయి. అయితే పరాయి మొక్కలు కొన్ని ఆలస్యంగా పూసి మకరంద కాలాన్ని పొడిగించాయి. లెస్టర్ నగరంలో జెనిఫర్ ఓవెన్ అనే శాస్త్రవేత్త కూరగాయలూ పూలమొక్కలూ కలగలిసిన తన మామూలు ఇంటితోటలో 30 ఏళ్లలో 2,673 జాతుల మొక్కలను, జీవులను నమోదు చేసింది. మన పెరట్లో కూడా జామకాయకు చిలుక వస్తుంది, సీతాఫలం ఆకు మీద టెయిల్డ్ జే పెరుగుతుంది. కాబట్టి పండ్లచెట్లను నరకవలసిన పని లేదు. కొత్తగా నాటేటప్పుడు స్థానిక జాతికి మొదటి చోటు ఇస్తే చాలు.

స్థానిక జాతే అయినా ఒక్కదాన్నే గుంపుగా నాటితే ముప్పు తప్పదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షమైన వేప ఇందుకు సాక్ష్యం. 2020 తరువాత తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల కూడా వేపచెట్ల కొమ్మలు చివరల నుంచి ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రానికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు తోడై ఈ తెగులు వ్యాపించింది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. విశాఖపట్నంలో హుద్‌హుద్ తుపాను తరువాత విరివిగా నాటిన ఏడాకుల పాల పూల ఘాటు వాసన మీద ఫిర్యాదులు వచ్చాయి. ఆ చెట్టు భారతదేశానిదే. ఎంత సంఖ్యలో, ఎక్కడ నాటామన్నదే అక్కడ చిక్కు.

చట్టాలు, విధానాలు

జీవవైవిధ్య అంతర్జాతీయ ఒడంబడిక 1992లో కుదిరింది. దాని 11వ సభ్యదేశాల సదస్సు 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగింది. 2022 డిసెంబరులో కుదిరిన కున్మింగ్–మాంట్రియల్ ఒప్పందం దురాక్రమణ జాతుల రాకను 2030 నాటికి సగానికి తగ్గించాలని, నగరాల్లో పచ్చని ప్రదేశాలను పెంచాలని లక్ష్యాలు పెట్టుకుంది. భారత జీవవైవిధ్య చట్టం 2002 కింద గ్రామాల్లో, పట్టణాల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారవుతాయి. తమ ఊరి మొక్కలేవో తెలుసుకోవాలనుకునేవారికి అవి అక్కరకొస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వాల్టా చట్టం 2002 చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది. ఎర్రచందనం నాటడానికి అడ్డులేదు, కొట్టడానికి, తరలించడానికి మాత్రం అటవీశాఖ అనుమతి ఉండాలి.

విదేశాల్లోని తెలుగువారి తోటలు

స్థానికత నేలను బట్టి మారుతుంది కాబట్టి అమెరికాలోని తెలుగు కుటుంబానికి స్థానిక మొక్క కరివేపాకు కాదు. అక్కడి ఓక్ చెట్టు, మోనార్క్ సీతాకోకచిలుకను పోషించే మిల్క్‌వీడ్ వంటివి స్థానికాలు. కరివేపాకును, మల్లెను కుండీలో పెంచుకోవచ్చు. కానీ నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే ఒక పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే తెగులు సోకిన రాష్ట్రాల నుంచి ఆ మొక్కను బయటికి తరలించడంపై అమెరికా వ్యవసాయశాఖ ఆంక్షలు పెట్టింది. బంధువుల ఇంటి నుంచి కరివేపాకు పిలక తెచ్చుకునేవారు ముందు ఆ నిబంధనలు చూసుకోవాలి.

ప్రస్తుత స్థితి

తెలుగు రాష్ట్రాల్లో స్థానిక మొక్కల తోటలకు ప్రధాన అడ్డంకి మొక్కలు దొరకకపోవడమే. వేప, కానుగ, నేరేడు, ఉసిరి అటవీశాఖ నర్సరీల్లో దొరుకుతాయి. ఈశ్వరి, వావిలి, కలివి, తుమ్మి వంటివి అమ్మకానికి అరుదు. కాబట్టి వీటికి గింజ సేకరణ, ఇరుగుపొరుగుతో ఇచ్చిపుచ్చుకోవడమే ఇప్పటికి మార్గం. అడిగేవారు పెరిగితే నర్సరీలు ఈ మొక్కలనూ పెంచుతాయి. చోటు లేనివారు సైతం ఒక కరివేపాకు, ఒక తులసి, ఒక నూరువరహాల కుండీతో మొదలుపెట్టి, వాటి మీద మందు కొట్టకుండా ఉంటే తొలి వానాకాలంలోనే ఫలితం చూడవచ్చు.